చీపురు ఘాట్ దగ్గర, మురికి నాలా దగ్గర

బోధన్‌లో ఉండే మా చెల్లెలు కార్తీకంలో బాసర వెళ్లి గోదావరిలో మునిగి వచ్చిన ప్రతిసారీ నాకు ఫోను చేసి ఒకటే ఎత్తిపొడుపు. "అన్నా, మీ నాందేడ్ వాళ్లు కడిగి వదిలిన నీళ్లే కదా మేము గంగ అని నెత్తిన పోసుకునేది!" నవ్వి ఊరుకుంటాను. కాదనడానికి నా దగ్గర మాట లేదు. నది పోయే దారి అదే. నాందేడ్ దాటి, రాహేడ్ మీదుగా ధర్మాబాద్ దగ్గర బాబ్లీ బ్యారేజీకి చేరుతుంది. కందకుర్తిలో మంజీర, హరిద్ర వచ్చి కలుస్తాయి. ఆపైన బాసర, ఆపైన శ్రీరాంసాగర్. ఆ జలాశయం నుంచి మిషన్ భగీరథ గొట్టాల్లోకి ఎక్కే నీటికి ఎగువన మా వీధి కూడా ఉంది.

నాందేడ్ జిల్లా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. ధర్మాబాద్, బిలోలి, కిన్వట్ వైపు ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో మాట తెలుగు, బడి మరాఠీ. గోదావరిని మేమూ గంగ అనే అంటాం. మరాఠీ వాళ్లదీ అదే పిలుపు, ఎగువన పర్భణీ జిల్లాలో ఒక ఊరి పేరే గంగాఖేడ్. నాందేడ్‌లోని సిక్కుల తఖ్త్ (మత పీఠం) హజూర్ సాహిబ్‌లో రోజూ గోదావరి నుంచి బిందెతో నీళ్లు తెచ్చి గర్భగృహాన్ని కడిగే ఆచారం ఉంది. ఇంతమంది ఇంత భక్తితో చూసుకునే నదిని బాగుచేయడానికి జనం ముందుకు రావడం లేదా అంటే, వస్తున్నారు. కాకపోతే చాలామంది వచ్చేది ఘాట్ దగ్గరికి. నదిని పాడుచేస్తున్నది మాత్రం ఇంకో చోట ఉంది.

వినాయక నిమజ్జనం అయిన తర్వాతి ఆదివారం శ్రమదానానికి నేనూ వెళ్లాను. చేతి తొడుగులు, టోపీలు, ఒక బ్యానరు, టీ. ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా వంగిన నడుము ఎత్తకుండా పని చేశాం. వాడిన పూలదండలు, పగిలిన దేవుడి పటాలు, చీర ముక్కలు, పాలిథిన్ సంచులు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తొండాలు, చేతులు అన్నీ కలిపి రెండు ట్రాక్టర్ ట్రాలీలు నిండాయి. ఘాట్ మెట్లు కళకళలాడాయి. మేము ఫొటో దిగుతున్న చోటికి వంద అడుగుల దూరంలో ఒక నాలా, మేము వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే, నల్లటి నీళ్లను నదిలోకి దించుతూ ఉంది. మూడు గంటల్లో దానివైపు ఎవరమూ నడవలేదు. అటు చేతి తొడుగులతో అయ్యే పని లేదు మరి.

ఇక్కడ చిన్న లెక్క వేసుకుంటే విషయం తేలుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం నాందేడ్ నగరంలో సుమారు 5.5 లక్షల మంది. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ఇవ్వాలన్నది ప్రమాణం. అందులో 80 శాతం మురుగుగా బయటికి వస్తుందని ఇంజనీర్లు లెక్కగడతారు. గుణిస్తే రోజుకు దాదాపు 6 కోట్ల లీటర్లు. పది వేల లీటర్ల ట్యాంకర్లయితే ఆరు వేలు. కొలిచి చెప్పిన సంఖ్య కాదిది, కాగితం మీద వేసిన అంచనా. పైగా జనాభా ఇప్పటికి పెరిగే ఉంటుంది. ఏడాదికి ఒక ఆదివారం రెండు ట్రాలీలు ఒకవైపు, రోజూ ఆరు వేల ట్యాంకర్లు ఒకవైపు. ఆ ఆరు వేలలో ఎన్ని శుద్ధి అయి నదిలో కలుస్తున్నాయన్నదే మనం అడగవలసింది.

మురుగు నదిని ఎలా చంపుతుందో కూడా చూడాలి, ఎందుకంటే అది కంటికి కనిపించే పని కాదు. నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌తోనే చేప బతుకుతుంది. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని తినే సూక్ష్మజీవులకూ అదే ఆక్సిజన్ కావాలి. వంద మందికి వండిన పెళ్లింట్లో ఐదు వందల మంది పిలవని చుట్టాలు దిగితే ఇంటివాళ్లు పస్తుంటారు కదా, చేప పరిస్థితి అదే. ఆ చుట్టాల ఆకలిని కొలిచే కొలతను బీఓడీ అంటారు. నీటి నమూనాను 27 డిగ్రీల వేడిమిలో మూడు రోజులు ఉంచి, అందులో ఎంత ఆక్సిజన్ ఖర్చయిందో చూస్తారు. స్నానానికి పనికొచ్చే నదిలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. కరిగిన ఆక్సిజన్ 5కు తగ్గకూడదు. మలంతో వచ్చే కోలిఫాం బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 500 లోపు ఉంటే మంచిది, 2,500 దాటితే స్నానమే కూడదు. ఈ మూడింటిలో ఒక్కటీ ఘాట్ మెట్ల మీద నిలబడి చూస్తే తెలిసేది కాదు. నీరు తేటగా కనబడుతూనే పనికిమాలినదై ఉండవచ్చు.

ఇంటి మురుగులో బీఓడీ సాధారణంగా 200 నుంచి 300 దాకా ఉంటుంది. 250 అనుకుందాం. దాన్ని 3కు దించాలంటే ఒక బిందె మురుగులో ఎనభైకి పైగా బిందెల స్వచ్ఛమైన నీళ్లు కలపాలి. మా తాతల కాలంలో నది ఈ పని తానే చేసుకునేది. పారే నీరు ఎక్కువ, ఊరు చిన్నది. ఇప్పుడు ఊరు పెరిగింది, పారే నీరు తగ్గింది. ఎగువన పైఠాన్ దగ్గర జాయక్వాడీ ఆనకట్ట, ఆ కింద వరసగా బ్యారేజీలు, నాందేడ్‌కు కాస్త పైన విష్ణుపురి. వాటిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, మా కుళాయిలో వచ్చేదీ ఆ నీళ్లే. అయితే వేసవిలో ఆనకట్ట కింద నదికి దక్కేది నాలాలు ఇచ్చినదే. ఆ ఎనభై బిందెలు ఎక్కడి నుంచి వస్తాయి?

గుర్రపుడెక్క సంగతి కూడా ఇందులోనే ఉంది. మరాఠీలో దాన్ని జలపర్ణి అంటారు. నిలిచిన నీరు, అందులో మురుగు తెచ్చే నత్రజని, భాస్వరం దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. దాన్ని లాగి పారేయడం వృథా అనను. ఒడ్డున కుప్ప పోసి కుళ్లనివ్వకుండా దూరంగా తీసుకెళ్లి ఎరువు చేస్తే, అది పీల్చుకున్న మురికి కొంతైనా నది నుంచి బయటికి పోతుంది. నాలా తెరిచి ఉంచి డెక్క లాగడం మాత్రం కుళాయి కట్టకుండా నేల తుడవడమే. మొదటి వానకు చేపలు తేలే సంగతీ అంతే. వేసవి పొడుగునా నాలా అడుగున పేరుకున్న బురదను ఆ వాన ఒక్కసారిగా నదిలోకి తోస్తుంది, ఆక్సిజన్ ఒక్క రాత్రిలో పడిపోతుంది. పగలు నీటి మొక్కలు ఆక్సిజన్ ఇస్తాయి కానీ రాత్రి అవీ తీసుకునేవే, అందుకే తెల్లవారుజాము చేపకు గడ్డుకాలం. వల వేసే భోయీలకు ఈ శాస్త్రమంతా పుస్తకం లేకుండానే తెలుసు. ఏ నాలా ఏ వేళకు రంగు మారుతుందో, సెప్టిక్ ట్యాంకులు తోడే బండి ఏ రాత్రి ఎక్కడ ఆగుతుందో వాళ్లను అడగాలి. శ్రమదానం బ్యానరు మీద అతిథుల పేర్లు రాస్తారు కానీ, నది మీద రోజూ ఉండే వీళ్లను సమావేశానికి పిలవడం నేను చూడలేదు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశంలో 351 నదీ భాగాలు కలుషితమైనవని జాబితా వేసింది. అందులో మహారాష్ట్రవి 53, మరే రాష్ట్రానికీ అన్ని లేవు. గోదావరిలో నాసిక్ దగ్గరి సోమేశ్వర ఆలయం నుంచి నాందేడ్ జిల్లా రాహేడ్ దాకా ఉన్న భాగాన్ని అత్యంత కలుషితమైన మొదటి తరగతిలో పెట్టారు. ఒక భాగంలోని అతి చెడ్డ చోటును బట్టి మొత్తానికి తరగతి ఇస్తారు కాబట్టి, నాందేడ్‌లో అంత చెడిపోయిందని దీని అర్థం కాదు. అదే జాబితాలో తెలంగాణ పద్దు కింద గోదావరి బాసర దగ్గరే మొదలవుతుంది, ఖమ్మం దాకా. సరిహద్దుకు ఇటు ఒక పట్టీ, అటు ఒక పట్టీ. మా చెల్లెలి ఎత్తిపొడుపుకు ఇంతకన్నా అధికారిక ముద్ర ఏమి కావాలి?

మరి శుద్ధి కేంద్రాలు లేవా? ఉన్నాయి. 2021లో అదే మండలి వెలువరించిన లెక్కలో, దేశంలోని పట్టణాల మురుగు రోజుకు 7,236 కోట్ల లీటర్లు. శుద్ధి కేంద్రాల స్థాపిత సామర్థ్యం 3,184 కోట్లు. నిజంగా శుద్ధి అవుతున్నది 2,023 కోట్లు. మొదటి రెండు సంఖ్యల మధ్య తేడా గురించి అందరూ మాట్లాడతారు, కేంద్రాలు చాలవని. నన్ను ఆపేది రెండో తేడా. కట్టి పెట్టిన సామర్థ్యంలోనే మూడో వంతుకు పైగా పని చేయడం లేదు.

దానికి కారణాలు మామూలువే. కేంద్రం కడతారు, ఇళ్ల నుంచి అక్కడికి గొట్టాలు పడవు. లేదా నాలాకు అడ్డుగా చిన్న గట్టు కట్టి మురుగును పంపుతో తోడి పంపుతారు, వాన వస్తే గట్టు దాటి అంతా నదిలోకే. నాలా అంటే మురుగు కాలువ అనుకుంటున్నాం కానీ అది ఒకప్పటి ఒర్రె. వాన నీళ్లు దాని సొంతం, మురుగు తర్వాత వచ్చి చేరింది. ఇక డబ్బు సంగతి. కట్టడానికి నిధులు ఢిల్లీ నుంచో ముంబయి నుంచో వస్తాయి. నడపడానికి కరెంటు బిల్లు పురపాలికే కట్టాలి. శుద్ధి కేంద్రం సిమెంటు తొట్టిలా కనబడుతుంది కానీ లోపల ఉన్నది ప్రాణులు. గాలి ఊదే యంత్రాలు గంటల తరబడి ఆగితే మురుగును తినే సూక్ష్మజీవులు చస్తాయి. మళ్లీ పెంచుకోవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఘాట్‌కు శంకుస్థాపన ఫలకం ఉంటుంది, సాయంత్రం హారతి ఉంటుంది. నేలలో పూడ్చిన మురుగు గొట్టానికి ఎవరు హారతి ఇస్తారు? 2027లో గోదావరి పుష్కరాలు. డబ్బు ఏ వైపు పోతుందో ఇప్పటినుంచే చూడవచ్చు.

జనం పూనుకుని నదిని నిజంగా బాగుచేసిన సందర్భం ఒకటి ఉంది, నాందేడ్ వాళ్లకు అది పరాయిది కాదు. పంజాబ్‌లో గురునానక్‌కు జ్ఞానోదయమైన చోటుగా సిక్కులు కొలిచే కాళీ బేయీన్, 160 కిలోమీటర్ల చిన్న నది. 2000లో సంత్ బల్బీర్ సింగ్ సీచేవాల్ కారసేవ మొదలుపెట్టి వేల మందితో డెక్క లాగించారు, పూడిక తీయించారు. అక్కడే ఆగి ఉంటే అదీ మన శ్రమదానంలాగే మిగిలేది. నదిలో కలుస్తున్న ఊళ్ల మురుగును ఆపడానికి వాళ్లు గొట్టాలు వేశారు, చెరువుల్లో నిలిపి తేర్చి ఆ నీటిని పొలాలకు మళ్లించారు. రైతుకు ఆ నీరు లాభం కాబట్టి ఆ ఏర్పాటు నిలిచింది. పేరు కారసేవ, పని డ్రైనేజీ. విదర్భలో నాగ్‌పూర్ మురుగును శుద్ధి చేసి కోరాడీ థర్మల్ కేంద్రానికి ఇస్తున్నారు. అక్కడా కిటుకు ఇదే. శుద్ధి అయిన నీటికి కొనేవాడు ఉంటే ఏ కేంద్రమూ సులభంగా పడుకోదు, కొన్నవాడే అడుగుతాడు.

ఇంటింటి అలవాట్ల గురించి ఎక్కువ చెప్పను. నిర్మాల్యాన్ని ఘాట్ దగ్గర పెట్టిన నిర్మాల్య కలశంలో వేయడం, మట్టి విగ్రహం కొనడం మంచివే. ప్లాస్టర్ విగ్రహాలు కూడదని కేంద్ర మండలి 2020 మార్గదర్శకాల్లోనే ఉంది. వంటనూనె తూములో పోయకపోవడం కూడా మంచిదే. అయితే వీటితోనే గోదావరి తేరుతుందని పిల్లలకు బడుల్లో చెప్పడం వాళ్లను తప్పుదారి పట్టించడం. ఆరు వేల ట్యాంకర్ల లెక్క వాళ్లకూ చెప్పాలి.

నాలాలు లేని, గొట్టాలు పడని వీధుల్లో సెప్టిక్ ట్యాంకులే దిక్కు. అవి నిండితే తోడే బండి వస్తుంది, తోడింది ఎక్కడో ఒలుకుతుంది. ఈ విషయంలో మనకన్నా అటు ఒడిశా చాలా ముందుంది. బరంపురం, రాయగడ తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోవచ్చు. అక్కడి పట్టణాల్లో మల వ్యర్థాల శుద్ధి కేంద్రాలు కట్టి, నిర్వహణను మహిళా స్వయం సహాయక సంఘాలకు ఇచ్చారు. కటక్‌లో ట్రాన్స్‌జెండర్ల బృందం నడుపుతోంది. ప్రజల భాగస్వామ్యం అంటే ఉచిత సేవ అనుకునే మనకు ఇది కొత్తగా ఉంటుంది. జీతం వచ్చే పని కాబట్టి సోమవారం కూడా జరుగుతుంది. మనం ఆదివారం తొడుగులతో చేసి ఫొటో దిగే పనిని రోజూ తొడుగులు లేకుండా చేసే పారిశుధ్య కార్మికులు ఆ ఫొటోలో ఉండరు. ఆ మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి.

ఇక అడగడం. పౌరుల చేతిలో ఉన్నవాటిలో ఇదే బలమైనది, తక్కువ వాడుతున్నదీ ఇదే. 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలి. నాందేడ్ అందులోకి వస్తుంది, ధర్మాబాద్ లాంటి చిన్న పట్టణాలు రావు. మురుగు శుద్ధి కేంద్రాలు కట్టుకోవడానికి 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్థానిక సంస్థలకు మూడేళ్ల గడువు పెట్టింది. 1974 జల చట్టం 49వ సెక్షన్ ప్రకారం ఎవరైనా 60 రోజుల నోటీసు ఇచ్చి కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు, అడిగితే మండలి తన దగ్గరున్న నివేదికలు ఇవ్వాలి. హరిత ట్రిబ్యునల్ పశ్చిమ ధర్మాసనం పుణెలో ఉంది. నష్టపరిహారం కోరని దరఖాస్తుకు రుసుము వెయ్యి రూపాయలు. సమాచార హక్కు చట్టం కాగితాల నకళ్లతో ఆగదు. జరుగుతున్న పనిని వెళ్లి చూసే హక్కు, నమూనా తీసుకునే హక్కు కూడా అందులో ఉన్నాయి.

ఏమి అడగాలో తెలియడం ముఖ్యం. ఒకసారి ఒక చిన్న పట్టణంలో మా తెలుగు చేనేతవాళ్ల వీధి పెద్దలతో కలిసి నేను దరఖాస్తు రాశాను, మరాఠీలో. పెద్దలకు మాట మరాఠీ వచ్చు, కార్యాలయపు మరాఠీ రాదు. వార్డు సభల్లో మా వాళ్లు వెనక వరసలో కూర్చోవడానికి సగం కారణం అదే. "నది శుభ్రతకు ఏ చర్యలు తీసుకుంటున్నారు?" అని అడిగాం. తగిన చర్యలు తీసుకుంటున్నామని నెల తర్వాత జవాబు వచ్చింది. తప్పు మాదే, అలాంటి ప్రశ్నకు అలాంటి జవాబే వస్తుంది. నాకు తర్వాత ఒక రిటైర్డ్ ఇంజనీరు నేర్పిన ప్రశ్నలు వేరు. శుద్ధి కేంద్రానికి గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు ఇవ్వండి. లోపలికి వచ్చిన నీటి మీటరు రీడింగులు ఇవ్వండి. బయటికి తీసిన బురద ఎన్ని టన్నులు, ఎక్కడికి పంపారు? మురుగు శుద్ధి అయితే బురద మిగిలి తీరాలి. బురద లెక్క లేదంటే శుద్ధి జరగలేదనే. బిల్లు తక్కువగా ఉంటే యంత్రాలు ఆగి ఉన్నాయనే. "తగిన చర్యలు" అని రాసి ఈ ప్రశ్నలను తప్పించుకోవడం కష్టం.

సరిహద్దు దగ్గర ఇంకో చిత్రం ఉంది. బాబ్లీ బ్యారేజీ మీద సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న తీర్పిచ్చింది. జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ దిగువకు వదలాలి. చూసుకోవడానికి కేంద్ర జల సంఘం, రెండు రాష్ట్రాల ప్రతినిధులతో ముగ్గురు సభ్యుల కమిటీ. ఏటా ఆ తేదీకి ఇంజనీర్లు గట్టు మీదికి వస్తారు. నీటి వాటా దశాంశ బిందువు దాకా లెక్క. ఆ నీరు ఎలా ఉందన్నది ఆ కమిటీ చూడవలసిన పనుల్లో లేదు.

అందుకే మొన్న ఫోనులో మా చెల్లెలికి చెప్పాను, వచ్చే మార్చి 1న బాబ్లీకి రమ్మని. జూలైలో కాదు, వరద అన్నింటినీ పలచబరుస్తుంది. వేసవి ముందు నీరే అసలు సంగతి చెబుతుంది. ఆమె కొడుకు బీఎస్సీ కెమిస్ట్రీ. తాగునీటిలో బ్యాక్టీరియా ఉందో లేదో చూడటానికి వాడే నల్లబడే సీసాలు తేవద్దన్నాను, ఏ నదిలో ముంచినా అవి నల్లబడతాయి. వాళ్ల కాలేజీ ల్యాబులో ఉండే రెండు ద్రావణాలు చాలు, మాంగనీస్ సల్ఫేటు ఒకటి, క్షారం కలిపిన అయొడైడు ఒకటి. తెల్లవారుజామున గాలి బుడగ లేకుండా సీసా నింపి, అక్కడికక్కడే ఆ రెండూ వేయాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగు మడ్డి దిగుతుంది. లేకపోతే తెల్లగా విరుగుతుంది.

"తెల్లగా వస్తే ఏమి చేస్తావు అన్నా?"

"సీసా మీద తేదీ, వేళ, చోటు రాసి ఫొటో తీస్తాం. దరఖాస్తు నేను మరాఠీలో రాస్తాను, నువ్వు తెలుగులో రాయి. రెండు రాష్ట్రాల మండళ్లకూ ఒకే రోజు పోస్టు చేద్దాం."

"ఘాట్ మీద స్నానం చేయొచ్చా మరి?"

సీసా చూశాక చెబుతానన్నాను.